మ్యాచింగ్ మేడం

తార్నాక చౌరస్తాలో ఏ మ్యాచింగ్ సెంటర్‌కైనా వెళ్లండి, గడప బయట ఎండలో నిలబడి దారప్పోగును గుడ్డ మీద పరిచి చూసుకునే ఆవిడ ఒకరు కనిపిస్తారు. ఆవిడే మ్యాచింగ్ మేడం. యూనివర్సిటీలోనో, చుట్టుపక్కల ల్యాబుల్లోనో పనిచేసి రిటైరై, పిల్లల్ని అమెరికా పంపించి, మనవరాలికి బొంత కుట్టే పనిలో పడ్డ మనిషి. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఈ జాతికి కొదవలేదు.

మన అమ్మమ్మలు పాత నేతచీరలు నాలుగు మడతలేసి, చేతికందిన దారంతో బారుకుట్లు వేసేవారు. ఎర్రచీర మీద తెల్లదారం పాకుతూ పోయేది. కప్పుకున్నవాడికి వెచ్చగా ఉందా లేదా అన్నదే లెక్క. మేడం లెక్క వేరు. బొంత మిషను మీద కుట్టాలి, కుట్టు గట్టిగా ఉండాలి, కంటికి మాత్రం ఆనకూడదు.

మా వీధి మేడం కెమిస్ట్రీ మేడం. ఫ్లాస్కు కింద తెల్లపలక పెట్టించి, ఫినాఫ్తలీన్ లేతగులాబీకి తిరగ్గానే బ్యూరెట్ కట్టెయ్యమని తరాల తరబడి పిల్లల్ని అదిలించిన మనిషి. ఒక్క చుక్క ఎక్కువైతే మళ్లీ మొదట్నించీ చేయించేది. ఆ చూపు ఇప్పుడు షాపతని మీద పడింది.

"ఏం కలర్ గావాలె మేడం?"

"ఆర్ట్స్ కాలేజీ రంగు."

1939లో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైటు భవనం ముందునుంచే అతను రోజూ బండి మీద వస్తాడు. అందుకని తడుముకోలేదు. "పొద్దుగాలదా, మాపటిదా?" అన్నాడు. ఇన్నేళ్లకు ఒక మంచి స్టూడెంటు దొరికాడన్నట్టు చూసింది మేడం.

అతనికి విద్య తెలుసు. "రీలు మీద చూసి తీసుకోకుండ్రి మేడం. అండ్ల ముదురుగ కనవడ్తది. ఒక్క పోగు గుంజి బట్ట మీద వెట్టి సూడుండ్రి, తేలిపోతది. జర ముదురుదే తీస్కోవాలె." మేడం పోగు గుంజింది. ట్యూబులైటు కింద అచ్చం కలిసింది. బయటికెళ్లి ఎండలో చూస్తే కలవలేదు. ఒక వెలుతురులో కవలల్లా ఉన్న రెండు అద్దకాలు ఇంకో వెలుతురులో విడిపోతాయని ఆవిడకు పాఠం చెప్పినంత బాగా తెలుసు. అయినా తప్పు షాపతనిదేనన్నట్టు మాట్లాడింది. చివరికి కౌంటరు నిండా రీళ్లు పరిపించి, ఒకటి కొంది.

ఇంక అసలు కథ. పైన కొత్తగుడ్డ, మధ్యన పాత కాటన్ చీర, కింద అదే రంగు అస్తరు. పైదారం అదే, బాబిన్‌లో దారమూ అదే. సుద్దతో గీతలు గీసుకుంది కానీ అంత బరువు బొంత పాదం కింద రాచుకుంటూ పోయేసరికి సుద్ద రాలిపోయింది. ఎక్కడిదాకా కుట్టిందో, ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. కళ్లద్దాలు మార్చింది, ముక్కు సూదికి తగిలేంత వంగింది. అయినా ఒక వరుస మాత్రం అద్భుతంగా వచ్చింది. "చూడండి, కుట్టు ఎక్కడుందో చెప్పండి!" అని మొగుణ్ని పిలిచింది. ఆయన వేలితో తడిమితే దారం బారునా ఊడి చేతికొచ్చింది. బాబిన్ ఎప్పుడో ఖాళీ. మిగిలినవి సూది పొడిచిన చిల్లులు.

తార్నాకలో ఒకరికి కష్టమొస్తే సలహాలకు లోటుండదు. పోషకాహార సంస్థలో చేసినాయన ఎ విటమిన్ సంగతి ఎత్తాడు. జీవకణాల ల్యాబు సీసీఎంబీలో చేసినావిడ భూతద్దం పంపింది. దారి చూపింది మాత్రం భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐలో రిటైరైన పెద్దమనిషి: "అమ్మా, నేల మీద సన్నటి పగులు కనబడాలంటే నడినెత్తి సూర్యుడు పనికిరాడు. పొద్దు వాలినప్పుడు తీసిన ఫోటో కావాలి. రంగు వెతక్కండి, నీడ వెతకండి."

మేడం మిషను బల్బు ఆర్పేసి, టేబుల్ లైటు ఎడంపక్కన బొంత ఎత్తుకు దించి పెట్టింది. అంతే! కుట్టు పడ్డచోట గుడ్డ నొక్కుకుని, సన్నటి పల్లం నీడలో తేలింది. ప్రతి కుట్టూ కనబడింది. దాంతోపాటు ప్రతి వంకరా కనబడింది. వారం పాటు కుట్టిందంతా బ్లేడు పట్టుకుని విప్పింది. విప్పేటప్పుడు దారమేదో గుడ్డ ఏదో తెలియక రెండుచోట్ల గుడ్డే తెగిందని వినికిడి. ఆవిడ ఒప్పుకోదు.

బొంత చివరికి పూర్తయింది, బాగానే వచ్చింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు, "షాపులో కొన్నట్టే ఉంది వదినా, ఒక్క కుట్టూ కనబడటంలేదు" అన్నారు. మేడం ముఖం చిన్నబోయింది. వాళ్లు వెళ్లాక, "ఇన్ని వేల కుట్లు వేస్తే ఒక్కళ్లకీ కనబడలేదుట!" అని మొగుడితో వాపోయింది.

కాబట్టి ఇలాంటి మేడం మీ ఇంటికి బొంత తెస్తే, కుట్లు అస్సలు కనబడటంలేదనండి. ఆ వెంటనే, ఎంత సమంగా పడ్డాయో అని మెచ్చుకోండి. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయని ఆవిడ అడగదు.