తెర మీద జడ

కూచిపూడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడంటారు. ఒక్కసారి చాలన్నాడు, దయగల మహానుభావుడు. మన ఆఫీసుల ఐటీ సర్క్యులర్‌కి ఆ దయ లేదు. నెలకోసారి వేషం మార్చాల్సిందే. పాస్‌వర్డ్ గడువు ముగిసింది, కొత్తది పెట్టుకోండి!

కూచిపూడి ఊరికి కూతవేటు దూరంలో ఓ ఆఫీసుంది, పేరెందుకు లెండి. అక్కడి హెడ్ గుమాస్తా గారు జనవరిలో "కూచిపూడి@1" పెట్టారు. అక్షరాలున్నాయి, అంకె ఉంది, గుర్తు ఉంది. కంప్యూటర్ పచ్చరంగు చూపించి శభాషంది. ఫిబ్రవరిలో "కూచిపూడి@2". డిసెంబరులో ఏం పెడతారో మీకు తెలిసిపోయింది, దొంగకీ తెలిసిపోయింది. గుర్తుండనిది ఆయనకే. సెలవు నుంచి వచ్చిన రోజున మూడుసార్లు తప్పు కొట్టి, "బాబూ, మళ్లీ లాకయింది" అని సిస్టం అడ్మిన్ కుర్రాడికి ఫోన్ చేస్తారు. ఆ బాధ పడలేక కీబోర్డు కింద చీటీ పెట్టుకున్నారు. దాని కొస బయటికి వేలాడుతూనే ఉంటుంది. భామాకలాపంలో సత్యభామ కూడా తెర వెనక నిలబడి జడ బయటికి వేస్తుంది, చేతనైతే విద్యలో నన్ను ఓడించి కోసుకోండని. కాకపోతే ఆ తెర వెనక విద్య ఉంది.

ఈ తంతుకు ఊపిరి పోసింది 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం బిల్ బర్ రాసిన మార్గదర్శకాలు. రిటైరయ్యాక, 2017లో, రాసినదాంట్లో చాలాభాగానికి చింతిస్తున్నానని ఆయనే వాల్ స్ట్రీట్ జర్నల్‌కు చెప్పుకున్నాడు. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దని నిస్ట్ కూడా ఆ ఏడాదే తేల్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన సిఫారసుల్లోంచి గడువును తీసేసింది. రాసినాయన లెంపలేసుకున్నాడు. మనం ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించాం.

ఇంతకీ దొంగ ఎటు నుంచి వచ్చాడు? 2017 మేలో వానాక్రై అనే కంప్యూటర్ పురుగు ప్రపంచం మీద పడ్డప్పుడు మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. దొంగ తిన్నగా స్టేషన్‌కే వచ్చి మామూలు అడగడమంటే ఇదే. అది ఎవరినీ పాస్‌వర్డ్ అడగలేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే దారిలో కన్నం ఉంటే అందులోంచి దూరి, పక్క కంప్యూటర్‌కి పాకింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14న ఇచ్చింది. పురుగు మే 12న వచ్చింది. మధ్యలో 59 రోజులు! ఎక్స్‌పీ లాంటి ముసలి విండోస్‌కైతే మామూలు అప్‌డేట్లు ఆగిపోయి అప్పటికే మూడేళ్లు. ఆ 59 రోజుల్లో పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చినవాళ్లు ఎందరో ఉండే ఉంటారు.

అడ్మిన్ కుర్రాణ్ణి అడిగాను, అప్‌డేట్లు వేస్తున్నావా నాయనా అని.

"టైమెక్కడిదండీ, పొద్దస్తమానం లాకులు తియ్యడంతోనే సరిపోతోంది."

సర్క్యులర్లు రాసే అయ్యలారా, ఆ ముప్ఫై రోజుల గడువేదో అప్‌డేట్లకు పెట్టండి.