ఇల్లు అద్దెకు ఇవ్వబడును

నా ముఖాన పెద్దక్షరాలతో టు-లెట్ అనీ, దాని కింద చిన్నగా 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అనీ రాసి ఉంటుంది. నేను రేకు బోర్డుని. సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో ఒక పెంకుటింటి గేటుకు వేలాడేదాన్ని. మూడు పోర్షన్లు, ఒక బావి, ఒక సపోటా చెట్టు. పోర్షను ఖాళీ అయిన పూటే నన్ను అటక మీంచి దింపేవారు.

మొదట్లో వచ్చినవాళ్ళంతా రైల్వేవాళ్ళే. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఈ ఊళ్ళో కేంద్ర కార్యాలయం పెట్టాక గుమాస్తాలకూ గార్డులకూ ఇళ్ళు కావలసి వచ్చాయి. అద్దె మాట చివర్లో వచ్చేది. మంజీరా నీళ్ళు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? బట్టలుతకడానికి బండ ఉందా? ఇవీ వాళ్ళ ప్రశ్నలు. ఇంటి యజమానురాలు అమ్మగారివి వేరు: "ఎంతమందమ్మా మీరు? చుట్టాలొస్తే ఎన్నాళ్ళుంటారు? పదింటికి గేటు వేసేస్తాం." గుంతకల్లుకో విజయవాడకో బదిలీ అయిందంటే నేను మళ్ళీ గేటెక్కేదాన్ని.

2003లో గాంధీ ఆసుపత్రి ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారింది. ఇక హౌస్‌సర్జన్లు, నర్సులు. నా అడుగున 'ఫ్యామిలీలకు మాత్రమే' అని రాయించింది అప్పుడే. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చే పిల్లలకు గది లేదనడమేమిటో నాకు అర్థం కాలేదు. బోర్డునడిగి ఎవరు రాయిస్తారు!

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు మెట్రో నడిచింది. ఆసుపత్రి దగ్గరే స్టేషను. బ్రోకర్లు గేటు ముందు ఆగడం మొదలైంది. నెల దాటగానే లాక్‌డౌన్. కరోనా రోగులందరినీ గాంధీకే తెచ్చేవారు. వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టమన్న సాయంత్రం మా అరుగు మీద కంచం కూడా మోగింది. తర్వాత కొద్ది రోజులకే ఒకమ్మాయి భుజాన సంచితో వచ్చింది.

"ఎక్కడమ్మా పని?"

"గాంధీలో నర్సుని, ఆంటీ."

"అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేశామమ్మా."

ఆ తర్వాత కూడా నెలల తరబడి నేను ఆ గేటుకే ఉన్నాను. ఆ పిల్ల రోజూ అదే దారిన వెళ్తూ నన్ను చదివేది.

అమ్మగారి పెద్దబ్బాయి వేల్స్‌లో డాక్టరు. అక్కడ గ్వినెడ్ అనే ప్రాంతంలో సముద్రపొడ్డు పల్లెల ఇళ్ళను సెలవులకొచ్చే బయటివాళ్ళు కొనేస్తుంటే ఊరి పిల్లలకు ఇల్లు దొరకడం లేదట. అందుకని కౌన్సిలు 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద 150 శాతం అదనపు పన్ను వేసిందట. ఇక్కడేమో ఇల్లు ఖాళీగా ఉందని నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి దరఖాస్తు పెట్టుకుంటే ఆస్తిపన్నులో సగం తగ్గించే వీలుంది! ఈ కబురంతా చెప్పిన నోటితోనే, "అమ్మా, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం" అన్నాడు.

బిల్డరు వచ్చి ఇంట్లోకి తొంగైనా చూడలేదు. టేపు పట్టి ముందు రోడ్డు కొలిచాడు. 2006 నుంచి నగరంలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. ఎన్ని అంతస్తులన్నది రోడ్డు వెడల్పూ స్థలం విస్తీర్ణమూ తేలుస్తాయి. కంటోన్మెంటులో ఆ పరిమితి ఉంది; అటువైపు పాత బంగళాలు కొన్ని ఇంకా నిలబడ్డాయి. మా ఇంటి గోడలకు, బావికి, సపోటాకు కలిపి బిల్డరు కట్టిన ధర సున్నా. ధరంతా గజాలదే.

మూడో పోర్షన్‌లోని రిటైర్డు గార్డుగారు ఇక్కడే చిన్న ఫ్లాటు కొందామని కాగితం మీద లెక్కలేశారు. 2021 జూలైలోనే రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు నుంచి ఏడున్నర శాతానికి పెరిగింది. ఆ లెక్క దాకా పోకుండానే కాగితం మడిచి, నగర శివార్లలోని ఘట్‌కేసర్ వైపు సామాను సర్దారు.

ఇప్పుడిక్కడ అయిదంతస్తులు. యజమానుల వాటా ఫ్లాట్లలో రెండింటికి తాళాలు. అద్దె ప్రకటనలన్నీ ఫోన్లలోనే. నన్ను వాచ్‌మన్ తన పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టుకున్నాడు. పాలమూరు మనిషి. అద్దె లేకుండా ఇచ్చిన గది ఈ భవనంలో ఆయనదొక్కటే, అదీ స్టిల్టులో మీటర్ల పక్కన. ఊళ్ళో రెండు గుంటలు కొనాలని పైసలు కూడబెడుతున్నాడు. నిన్న వంట చేస్తూ ఫోన్లో తమ్ముడితో మాట్లాడాడు.

"గుంటల లెక్క లేదా? వెంచర్ చేసిన్రా ఆడ గూడ? సరే, గజానికెంతంటున్నరు?"