పొంగని లొట్టి

నేను లొట్టిని. ఈతచెట్టు మెడకు కట్టే మట్టికుండను. పాలమూరు జిల్లాను విడదీసి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలు చేసిన 2016లోనే, చలికాలంలో, వనపర్తి దగ్గరి ఒక కుమ్మరి ఆవంలో కాలి బయటికొచ్చాను.

మొదటిసారి నన్ను చెట్టుకు కట్టిన రాత్రి మంచు కురిసింది. గీత పెట్టిన చోటి నుంచి చుక్క చుక్కా నాలో పడింది. తెల్లారేసరికి పక్క చెట్ల లొట్లన్నీ నురగ కక్కుతున్నాయి. నా మూతి దగ్గర ఒక్క బుడగ లేదు. నన్ను కట్టిన గౌండ్ల పెద్దాయన కొడుకు నన్ను దించి చెవి ఆనించాడు. పాత లొట్టి అయితే సుయ్యిమంటుంది. నేను చప్పుడు చేయలేదు.

"నాయినా, ఇది పులుస్తలేదు. చెట్టు చెడ్డదా, లొట్టి చెడ్డదా?"

తండ్రి తొందరపడలేదు. ముందు వేలు ముంచి నాకాడు. తియ్యగా ఉంది, అంటే చెట్టు మంచిదే. తర్వాత నా లోపల గోటితో గీకాడు. నీరా కోసమైతే లొట్టికి సున్నం పూస్తారు, అది ఉంటే రసం పులియదు. సున్నం తగలలేదు.

"చలి ఒకటి, కొత్తది ఒకటి. అంతే బిడ్డా" అన్నాడు.

కల్లును పులియబెట్టేది కంటికి కనిపించని ఈస్ట్. పులియడం ప్రాణమున్న సూక్ష్మజీవుల పనేనని పాశ్చర్ 1857 నుంచి చెబుతూ వచ్చాడు. మా గౌండ్లకు దాని పేరు తెలియకపోయినా ఇల్లు తెలుసు. పాత లొట్టి గోడల సందుల్లో, అడుగు మడ్డిలో అది కాపురముంటుంది. నిప్పుల్లోంచి వచ్చిన నాలో ఎవరుంటారు? గాలికో, పురుగుల కాళ్లకంటుకొనో నాలుగు కణాలు చేరినా, 30 డిగ్రీల వేడిలో హుషారుగా ఉండే ఈస్ట్ పుష్యమాసపు చలికి ముడుచుకుపోతుంది.

పెద్దాయన పాత లొట్టి మడ్డి గుప్పెడు నాలో పోశాడు. చుట్టూ తిప్పాడు. ఎండలో గోడకు ఆనించి పెట్టాడు. పొద్దెక్కేసరికి నా అడుగున సన్నగా కదలిక మొదలైంది. మధ్యాహ్నానికి నురగ మూతి దాటింది! సాయంత్రం నన్ను నీళ్లతో తొలిచారే గాని లోపల తోమలేదు. మర్నాడు తెల్లారికి చెట్టు మీదే పొంగాను. ఆ తర్వాత ఎన్ని కొత్త లొట్లకు నా మడ్డి పోశారో!

ఆ ఒక్క పూట ఆగే ఓపిక అందరికీ ఉండదు. చెట్లు చాలక మా పాలమూరులో మందుకల్లు కూడా వచ్చింది. నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజపాం కలిపి మత్తెక్కిస్తారు. దానికి అలవాటు పడ్డ కూలి మనిషికి ఒక్కసారిగా అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది.

గీసే అన్నలారా, నురగ రాని లొట్టి చేతికొస్తే మత్తుపొడి పొట్లం విప్పకండి. పాత మడ్డి పోయండి, ఎండ చూపించండి, మధ్యాహ్నం దాకా ఆగండి.