రాక్షసులకు కూలి ఎవరిచ్చారు?

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ రాత్రికల్లా మీ బావమరిది పంపిస్తాడు, తొందరపడకండి. పైన డ్రోను తిరుగుతుంటుంది, వెనక డప్పులు దద్దరిల్లుతుంటాయి, చేను నడుమ ఒక బండ. బండ ముందు నల్లద్దాల తమ్ముడొకడు గొంతు గరగరలాడిస్తూ అడుగుతాడు: "ఫ్రెండ్స్, క్రేన్లు లేవు, జేసీబీలు లేవు. మరి ఈ రాయిని ఇక్కడ పెట్టింది... మనుషులేనా?" అక్కడ డప్పులు ఠక్కున ఆగిపోతాయి. మనం నోరు తెరిచి, పదిమందికి పంపించి, అన్నం తినడానికి లేస్తాం.

సిద్దిపేట చుట్టుపక్కల చేలల్లోని రాక్షసగుళ్లన్నీ, అంటే పెద్ద బండలు కప్పిన పాతకాలపు సమాధులన్నీ, ఈ తమ్ముళ్ల పుణ్యాన తారలైపోయాయి. చేలు అయిపోయాక మ్యూజియాల మీద పడ్డారు. గాజుపెట్టె ముందు అదే గరగర, అదే ప్రశ్న. చూసొచ్చినవాళ్లదీ అదే పాట. మ్యూజియంలో ఏం చూసినవే అని అడిగితే ఒక్క వస్తువు పేరు చెప్పరు. "అబ్బో, అప్పటోళ్లు మనసొంటి మనుషులే కాదే" అంటారు. హైదరాబాదు దాకా పోయి, టికెట్టు కొని, తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న జ్ఞానం అది.

నర్మెట సంగతే చూడండి. 2017లో మన పురావస్తు శాఖ నంగునూరు మండలం నర్మెటలో ఇనుప యుగపు సమాధిని తవ్వింది. మూతబండ బరువు దాదాపు 40 టన్నులు. దాన్ని పక్కకు జరపడానికి క్రేన్ తెప్పించారు. ఆ క్రేనే కొంప ముంచింది. "క్రేన్‌కే ఇంత కష్టమైతే మనుషులతో ఎట్లయితదే?" అనే మాట ఆ పూటే పుట్టి, ఇంతవరకూ చావలేదు. మనకు చేతగానిది లోకంలో ఎవరికీ చేతకాదని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఆఫీసువాళ్లకు పని తొందర, కింద ఎముకలు నలగకూడదన్న జాగ్రత్త, పొద్దుగూకేలోపు బండ లేవాలన్న ఆత్రం. అందుకు క్రేన్ వచ్చింది. ఆ బండను అక్కడ పెట్టినవాళ్లకు ఏ తొందరా లేదు. చచ్చినాయన ఎటూ లేచి పోడు.

సరే, రాక్షసులే అనుకుందాం. మనస్ఫూర్తిగా ఒప్పుకుని లెక్క చూద్దాం.

40 టన్నుల బండను చంకన పెట్టుకొచ్చినవాడు ఎంత ఎత్తుండాలి? తాటిచెట్టంతైనా ఉండాలి కదా. మరి ఆ బండ కింద దొరికినవి మనిషి ఎముకలు. మీవీ నావీ ఎంతుంటాయో అంతే. ఇలాంటి సమాధుల్లో పెట్టిన గిన్నెలు అరచేతిలో ఇముడుతాయి. ఆ గిన్నెతో కల్లు తాగాలంటే రాక్షసుడు పొద్దుట కూర్చుంటే మాపటికి గొంతు తడవదు. దొరికే కత్తులు, కొడవళ్లు మన పిడికిలికి సరిపోతాయి. ఆ కొడవలితో రాక్షసుడు ఏం చేసుకున్నాడు, పళ్లు కుట్టుకున్నాడా? నర్మెటలో ఎముకతో చేసిన నగ దొరికింది. అది వాడి చిటికెనవేలికైనా పడుతుందా?

అంటే చచ్చింది మనిషి. కుండ మనిషిది, కత్తి మనిషిది, నగ మనిషిది. బండ ఒక్కటే రాక్షసుడిది. ఊళ్లో పెద్దమనిషి పోతే రాక్షసులకు కబురు పంపారన్నమాట. వాళ్లు ఏ గుట్టల నుంచో వచ్చి, బండ మోసుకొచ్చి, మూత పెట్టి, చేతులు దులుపుకొని పోయారన్నమాట.

మరి కూలి ఎవరిచ్చారు? వెట్టికి వచ్చారా? వాళ్లకు ఉపాధి హామీ జాబ్ కార్డులున్నాయా, హాజరు ఎవరు వేశారు? పదిమంది రాక్షసులు పూటకు తినాలంటే ఊరి గడీలోని గరిసెలన్నీ ఊడ్చుకుపోవాలి. వాళ్లు వండుకున్న పొయ్యి ఏది? కూర్చున్న గుంత ఏది? తెలంగాణ నేలంతా ఇలాంటి సమాధులున్నాయి, ఒక్క ఊరూ ఒక్క మండలమూ కాదు. అన్ని ఊళ్లు తిరిగి, అన్ని బండలు మోసి, పాపం ఒక్క రాక్షసుడికైనా చావు రాలేదా? వస్తే వాడి మీద బండ ఎవరు పెట్టారు? తాటిచెట్టంత ఎముక ఒక్కటైనా ఒక్క గాజుపెట్టెలోనైనా ఎందుకు లేదు? అడిగితే నల్లద్దాల తమ్ముడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ప్రభుత్వం దాచింది అన్నా!" ఊరి బడికి సర్కారు సున్నం వేయించలేదు గాని, తాటిచెట్టంత ఎముకలను మాత్రం ఎవరి కంటా పడకుండా దాచేసింది.

రాక్షసుల మీద నమ్మకం లేని చదువుకున్నవాళ్లకు గ్రహాంతరవాసులున్నారు. ఎక్కడో నక్షత్రాల అవతలి నుంచి బయల్దేరి, దారిలో ఇన్ని గ్రహాలు వదిలేసి, నంగునూరు మండలంలో దిగి, ఒక గోరీ మీద బండ పెట్టి, ఒక్క స్పానరైనా మరిచిపోకుండా తిరుగు ప్రయాణమయ్యారు. అంత చదువుకు ఆ మాత్రం పని.

ధర అడిగేవాళ్లది వేరే కులం. కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాణేల ముందు నిలబడితే వినిపించే మాట ఒక్కటే: "ఒక్కోటి ఎంత పలుకుతది?" పాత రూపాయి బిళ్లకు లక్షలిస్తామంటే ముందుగా ఫీజు కట్టి మోసపోయేది వీళ్లే. బియ్యాన్ని లాగే రాగి చెంబు ఉంది, నాసావాళ్లు కోట్లు పెట్టి కొంటారని చెబితే పొలం అమ్మేదీ వీళ్లే. రైస్ పుల్లింగ్ ముఠాలను పోలీసులు ఎన్నిసార్లు పట్టుకున్నా, నమ్మేవాళ్ల పంట మాత్రం ఏటా పండుతూనే ఉంది. రాత్రిపూట గునపాలు పట్టుకుని నంది కింద, వీరగల్లు కింద గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల గురించి చెప్పాలంటే అచ్చువేయదగ్గ మాటలు చాలవు.

దండం పెట్టేవాళ్లూ ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బిందె బయటపడింది, లోపల బంగారు, వెండి నగలు. కొబ్బరికాయలు పగిలాయి, పసుపు కుంకుమలు పడ్డాయి, పూనకం వచ్చింది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే సర్కారుకు చెప్పాలని 1878 నాటి చట్టం. చట్టానికి పూనకం రాదు కదా, అందుకే ఎవరికీ గుర్తుండదు.

మళ్లీ మన రాక్షసుల దగ్గరికే వద్దాం, నా కడుపుమంట అక్కడే ఉంది. ఆ సమాధులలో దొరికే కుండను ఎప్పుడైనా నిలబడి చూశారా? లోపలంతా నలుపు, బయట ఎరుపు, రెండింటికీ నడుమ చక్కటి హద్దు. బోర్లించి, లోపలికి గాలి ఆడకుండా కాల్చితే వచ్చే రంగులవి అంటారు తెలిసినవాళ్లు. మంట ఎంత, సేపు ఎంత, గాలి ఎటు అన్నది చేతికి తెలియాలి. దాని ముందు ఎవరూ ఆగరు. ఒకసారి ఒక మ్యూజియంలో నా పక్కనున్నాయన వాళ్ల పిల్లగాణ్ణి రెక్క పట్టి గుంజుకుపోయాడు: "కుండలే కదరా, మీ నాయనమ్మ ఇంట్ల బొచ్చెడున్నయి, నడువ్." ఆ కుండ చేసినవాళ్లూ ఆ బండ పెట్టినవాళ్లూ ఒకే ఊరివాళ్లు, ఒకే తరంవాళ్లు. కుండ దగ్గర "ఇంతేనా" అన్నవాడే బండ దగ్గర "అమ్మో రాక్షసులు" అంటాడు. నడుమ ఉన్న మనిషి మాత్రం రెండుచోట్లా కంటికి ఆనడు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. నజీర్ నవాజ్ జంగ్ కొని ఏడో నిజాంకు కానుక ఇస్తే, 1930లో మ్యూజియానికి చేరింది. దాని ముందు మీసాలొచ్చిన పెద్దమనుషులు కూడా "రాత్రిపూట లేస్తదట" అని గుసగుసలాడుకుంటారు. అదే ఈజిప్టులో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద 3,800 ఏళ్లు పైబడిన బొమ్మ ఒకటి ఉంది. మన నర్మెట బండ కంటే బరువైన విగ్రహాన్ని కొయ్య చట్రం మీద కట్టి, తాళ్లతో 172 మంది వరుసలు కట్టి లాగుతుంటారు. విగ్రహం మోకాళ్ల మీద ఒకడు నిలబడి చప్పట్లతో తాళం వేస్తుంటాడు. ముందు ఒకడు చట్రం జారేందుకు నీళ్లు పోస్తుంటాడు. అంత దూరం ఎందుకు, నాగాలాండ్‌లో రాయిని చెక్క బండి మీద కట్టి ఊరంతా కలిసి పాటలు పాడుతూ లాగే ఆచారం మన కాలం దాకా వచ్చింది. రహస్యమేమీ లేదు. తాడు, దుంగ, గడ్డపార, జనం. ఆ జనమే మనకు నచ్చరు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి పోండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొనుక్కొచ్చిన ముసుగు రెబెక్కా ముందు గుంపు. పాలరాతిలో పల్చటి మేలిముసుగు, లోపలి ముఖం కనిపిస్తుంటుంది. "ఎట్ల చెక్కిండో మహానుభావుడు!" అంటారు. చెక్కింది బెంజోని, ఇటలీవాడు, పలకమీద పేరుంది. అక్కడ ఒక్కడైనా "ఇది మనుషుల పనేనా?" అన్నాడా? గ్రహాంతరవాసులు దిగి ముసుగు కప్పి పోయారన్నాడా? అనడు. తెల్లవాడి చేయి చేస్తే నైపుణ్యం. మనవాడి చేయి చేస్తే మాయ, మంత్రం, రాక్షసం, సైన్స్‌కే అందని రహస్యం. రామప్ప గుడి ఇటుక నీళ్లలో తేలితే రహస్యమే. శిఖరం బరువు తగ్గించడానికి ఇటుకను గుల్లగా కాల్చిన కుమ్మరి తెలివి ఎవరికీ పట్టదు. పానగల్లు ఛాయా సోమేశ్వరం గుడిలో చెదరని నీడ రహస్యమే. స్తంభాల మీదుగా వెలుగు ఎట్లా పడుతుందో ఒక ఫిజిక్స్ మాస్టారు నమూనా కట్టి చూపించినా రహస్యమే.

పూర్వీకులను ఆకాశానికెత్తుతున్నామని వీళ్లనుకుంటారు. కాదు. పూర్వీకుల కూలి ఎగ్గొడుతున్నారు. ఆ బండను పొర పట్టి చీల్చినవాడున్నాడు, దాని కింద దుంగలు దొర్లించినవాడున్నాడు, తాడు కోసుకుపోయి అరచేయి చీరుకున్నవాడున్నాడు. వాళ్ల పేర్లు ఎటూ పోయాయి. మిగిలింది పని ఒక్కటే. ఆ పనిని కూడా లాక్కుని లేని రాక్షసుడి ఖాతాలో వేయడానికి మనకు సిగ్గుండాలి.

చచ్చినవాళ్లనే కాదు, బతికున్నవాళ్లనూ మనం చూసేది ఈ కంటితోనే. సుత్తె దెబ్బకు వచ్చే చప్పుడు విని రాయి ఎటు పగులుతుందో చెప్పగల వడ్డెరవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇంటి పునాదికి రాయి కొట్టించుకున్నప్పుడు వాళ్లను ఏమని పిలుస్తామో, కూలి దగ్గర ఎంత గీచి గీచి బేరమాడతామో అందరికీ తెలుసు. అదే చేయి మూడువేల ఏళ్ల కింద కొట్టిన రాయి దగ్గర మాత్రం వీడియో తీస్తాం. చేర్యాల మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలను మూరల కొద్దీ గీసే నకాషీ చిత్రకారుల ఇళ్లు అక్కడివే. గీసినది మ్యూజియం గోడకెక్కితే "ప్రాచీన కళ". గీసినాయన ఎదురుగా కూర్చుంటే "సగానికిస్తవా? మిషన్ మీద అచ్చేసింది ఇంకా తక్కువకొస్తది." మన సిద్దిపేట కాపు రాజయ్య, 1925లో పుట్టి 2012లో పోయేదాకా, బోనాలూ బతుకమ్మా పల్లె పనిపాటలూ గీశాడు. ఆయన కుంచె నిండా పనిచేసే జనమే. అలాంటి బొమ్మ ముందు నిలబడి "ఫొటో తీస్తే అయిపోయేది కదా" అన్నాయనకు నేను జవాబు చెప్పలేదు. చెబితే పేపర్లోకెక్కేవాణ్ణి, ఇలా కాలమ్ రాసి మాత్రం కాదు.

మీరు బండ ముందు నోరు తెరవొద్దని నేననను. తెరవండి, పెద్దగా తెరవండి. తెరిచాక "మనుషులేనా" అనకండి, "ఎంతమంది" అని అడగండి. ఏ గుట్ట నుంచి తెచ్చారు, ఎన్నాళ్లు పట్టింది, పని జరిగిన ఆ దినాల్లో ఎవరు వండిపెట్టారు, కింద పడి ఎవరి కాలు నలిగింది అని అడగండి. ఇవన్నీ జవాబులు వెతకదగ్గ ప్రశ్నలు. డప్పులు ఆపాల్సిన పనీ ఉండదు.

మ్యూజియాలవాళ్లకు నాదొక మనవి. ఏటా ఒక రోజు పెట్టండి. రెండు టన్నుల బండ ఒకటి, నాలుగు దుంగలు, రెండు మోకులు తెప్పించండి. పని తెలిసిన వడ్డెర మేస్త్రీలను పిలిచి, తక్కువ చేయకుండా పూర్తి కూలి ఇచ్చి, మైకు వాళ్ల చేతికివ్వండి. చూడ్డానికొచ్చినవాళ్లందరితో ఆ బండను లాగించండి. రాక్షసులనే తమ్ముళ్లను, గ్రహాంతరవాసులనే చదువరులను మోకు మొదట్లో నిలబెట్టండి, నల్లద్దాలు తీయించి. అరచేతులు బొబ్బలెక్కాక అప్పుడడగండి: "తమ్మీ, ఇప్పుడు చెప్పు, మనుషులేనా?"