స్టూళ్లు ఎత్తేయించిన సూపరింటెండెంట్ గారికి

మహారాజశ్రీ ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి దివ్యసముఖమునకు, మగవాళ్ల మెడికల్ వార్డులో కిటికీ పక్క మంచం తాలూకు అటెండెంటు నమస్కరించి వ్రాయు విన్నపము.

తమరు క్షేమమని తలుస్తాను. మేమూ నిలబడి క్షేమంగానే ఉన్నాం. నిలబడి అని ఎందుకు అంటున్నానో తమకు తెలుసు. సోమవారం కాయకల్ప శుభ్రత అవార్డు వాళ్లు తనిఖీకి వస్తున్నారని తెల్లారకముందే వార్డులో స్టూళ్లన్నీ ఎత్తించేశారు. మంచాల కింద చాపలు, చెంబులు, దుప్పట్లు తీసేయమన్నారు. తీసేశాం. వాళ్లొచ్చారు, నేల చూశారు, బాత్‌రూముల్లో ఆ ఒక్కరోజే ఉన్న ఫినాయిల్ వాసన పీల్చారు, వెళ్లారు. చాపలు మెల్లగా తిరిగొచ్చాయి గానీ స్టూళ్లు రాలేదు. అడిగితే "అటెండెంట్లు కూర్చుంటే వార్డు సంతలా కనబడుతోందని పెద్దసారు ఆర్డరు" అన్నారు. అవి ఎక్కడున్నాయో కూడా చూశాను. లిఫ్టు పక్కన తాళం వేసిన గదిలో, ఒకదాని మీద ఒకటి. తమ పాలనలో వాటికైనా విశ్రాంతి దొరికింది.

ఇక మర్యాద నా వల్ల కాదు సార్.

మా నాన్నకు పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట రావడం లేదు, మింగలేరు. ముక్కులోంచి గొట్టం వేశారు. అందులో రెండు గంటలకోసారి జావో పాలో పొయ్యాలి. తలవైపు ఎత్తిపెట్టి, ముందు సిరంజితో వెనక్కి లాగి పాతది అరిగిందో లేదో చూసి, అప్పుడు సిరంజి పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా దిగనివ్వాలి. తొందరపడి తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పోశాక అరగంట సేపైనా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. యూరిన్ బ్యాగులో ఎంత వచ్చిందో రాసిపెట్టాలి. సెలైన్ అయిపోయే లోపు సిస్టర్‌ని పిలవాలి. ఇదంతా ఎవరు చేస్తున్నారు? నేను. ఎవరు నేర్పారు? మొదటి రోజు సిస్టర్ ఒక్కసారి చేసి చూపించి "చూశావుగా అమ్మా" అంది. మిగతాది పక్క మంచం ముసలాయన కోడలు నేర్పింది. ఈ ఉద్యోగంలో ఆమె నాకంటే సీనియర్.

సిస్టర్‌ని అనడం లేదు. టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మా వార్డులో మంచాలు చాలక వరండాలో పరుపులేశారు, రాత్రి డ్యూటీకి సిస్టర్ ఒక్కతే. ఆ అమ్మాయికి మంచినీళ్లు తాగే తీరిక లేదు. లెక్కలో తక్కువైన నర్సులు ఎవరనుకున్నారు? మేమే. జీతం లేదు, హాజరు పట్టీ లేదు. రౌండ్స్ టైముకి మాత్రం "అటెండెంట్లంతా బయటికి!" మరి పెద్ద డాక్టరు గారు "రాత్రి జ్వరం వచ్చిందా, విరేచనం అయిందా" అని అడిగేది ఎవరిని? మాట పడిపోయిన మా నాన్ననా? ఆ సంగతి తెలిసిన మనిషిని తలుపు అవతల సెక్యూరిటీ కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

అదే స్కాన్‌కి తీసుకెళ్లాలంటే "అటెండెంట్ ఏదీ?" అని వార్డంతా దద్దరిల్లేలా పిలుపు. ఒక చక్రం తిరగని స్ట్రెచర్ తోసేదీ మేమే, సెలైన్ సీసా ఎత్తి పట్టుకునేదీ మేమే. చేతులు తడిపితే తోసేవాళ్లు దొరుకుతారు, అది వేరే ఉత్తరం. రక్తం శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కి, స్టాకు లేని మందు కోసం బయట షాపుకి, ఆధార్ జిరాక్సు పట్టుకుని ఆరోగ్యమిత్ర దగ్గరికి. ఎన్టీఆర్ వైద్య సేవ పుణ్యమా అని డబ్బు కట్టలేదు, కాదనను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన దగ్గర్నుంచి పథకం పేరు ఎన్నిసార్లు మారినా కాగితాలు పట్టుకుని తిరిగేది ఇంటి మనిషే. నేను ల్యాబ్ దగ్గర వరసలో ఉన్నప్పుడు నాన్న ఎడం చేత్తో ముక్కు గొట్టం పీకేసుకుంటారు. అందుకే ఇద్దరం కావాలి. మీరిచ్చింది ఒక్క పాసు. అది చేతులు మారాలంటే సాయంత్రం నాలుగు దాటాలట. మగ వార్డులో రాత్రిపూట ఆడవాళ్లు ఉండకూడదని ఒక సెక్యూరిటీ, పాసు నీ పేరున ఉంది కాబట్టి నువ్వే ఉండాలని ఇంకో సెక్యూరిటీ. రెండు రూల్సూ మీవే.

ఓపీ హాల్లో రోగుల హక్కుల బోర్డు ఉంది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన పత్రం అది. నిలబడే పనే కదా అని మొత్తం చదివాను. ఆడ రోగిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలట. మంచిదే. రాత్రీ పగలూ పక్కనుండే మనిషి కూర్చోవచ్చో లేదో మాత్రం నాకెక్కడా కనబడలేదు. హైదరాబాద్‌లో 2022లో ప్రభుత్వాసుపత్రుల్లో అటెండెంట్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. రోగితో వచ్చినవాళ్లకీ ఆకలేస్తుందని అక్కడెవరో కనిపెట్టారన్నమాట. కాళ్లు కూడా ఉంటాయని ఎప్పటికి కనిపెడతారో!

అవార్డు రాకూడదని కాదు సార్. రావాలి. ఆ డబ్బుతో చక్రాలు తిరిగే స్ట్రెచర్లు కొనండి. కానీ నిన్న తెల్లవారుజామున సిరంజి పైకెత్తి పట్టుకుని ఉండగానే నాకు మోకాళ్లు మడతపడ్డాయి. పాలు ఇంకా సగం ఉన్నాయి. పక్క మంచం కోడలు పరుగున వచ్చి సిరంజి అందుకుంది. అందుకోకపోతే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు, మీరు డాక్టరు.

స్టూళ్ల సంగతి తర్వాత చూద్దాం. మా తమ్ముడు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. పొద్దున్నుంచీ గేటు దగ్గరే ఉన్నాడు, ఆకుపచ్చ చొక్కా. నాన్న పేరు, మంచం నంబరు అడిగితే చెబుతాడు. గొట్టంలో ఎలా పొయ్యాలో వాడికి నేను నేర్పుతాను, మీ సిస్టర్‌కి ఆ పని కూడా పెట్టను. గేటుకి ఒక్క ఫోను చేసి వాడిని లోపలికి రానివ్వమనండి సార్, నాలుగు దాకా ఆగలేను.