ఒకటే గోల్, ఒకటే గోల

ఇంగ్లిష్ ల్యాబ్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లే భాగ్యం నాకు ఏడాదికి రెండు మూడుసార్లు పడుతుంటుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజి ఉంటుంది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిపెట్టు ఉంటుంది. ఇంగ్లిష్ ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లుంటాయి. అవి మోగవు. మోగకపోయినా చెవులకి తగిలించుకునే కూచోవాలి. లేకపోతే అది ల్యాబని తెలిసేదెలా?

మొన్నామధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకి వైవా. కాలేజీ పేరెందుకు లెండి, ఏ బోర్డు తగిలించినా అతికే కథ ఇది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవై మంది. అందరికీ మొదటి ప్రశ్న ఒకటే. అది కూడా నాది కాదు, షీటు మీద అచ్చేసి చేతికిచ్చారు: ఐదేళ్ల తర్వాత నువ్వెక్కడ ఉంటావు?

మొదటి కుర్రాడు టై సర్దుకున్నాడు. అది వాడిది కాదు, బయట ఇంకొకడు దానికోసం కాచుకునున్నాడు. చూపు సీలింగు ఫ్యాను మీద నిలిపి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. "మై షార్ట్ టర్మ్ గోల్ ఈజ్ టు గెట్ ఎ జాబ్ ఇన్ ఎ రెప్యూటెడ్ కంపెనీ. మై లాంగ్ టర్మ్ గోల్ ఈజ్ టు రీచ్ ఎ రెస్పెక్టబుల్ పొజిషన్ ఇన్ దట్ కంపెనీ." ఒక్క గుక్కలో దించేశాడు. మధ్యలో ఆపితే మళ్లీ "మై షార్ట్ టర్మ్" దగ్గర్నుంచి ఎత్తుకోవాలి, అందుకని నేనూ ఆపలేదు.

రెండోవాడిదీ అదే గోల్. పదిహేనో అమ్మాయిదీ అదే. ఇరవై ఏడో నంబరు దగ్గర 'రెస్పెక్టబుల్' కాస్తా 'రెస్పెక్టివ్' అయింది గానీ భావానికేం లోటు రాలేదు. సత్యనారాయణ వ్రతంలో సంకల్పం చెప్పించినట్టే. గోత్రం, పేరు దగ్గర మాత్రమే మనిషి మారతాడు, మిగతాదంతా పురోహితుడి నోట్లోది. మనకి గోల్ సెట్టింగు తెలీదని అమెరికావాళ్లు అనుకుంటారేమో. పీటల మీద కూచుని, ఏం కోరుకుంటున్నామో అర్థం కాకుండానే కోరుకోవడం మనకి తరతరాలుగా అలవాటు.

ఇంతకీ ఈ సంకల్పం రాసిన మహానుభావుడెవరో ఎవరికీ తెలీదు. చాటుపద్యానికి కర్త దొరకనట్టే దీనికీ దొరకడు. సీనియర్ రికార్డులోంచి జూనియర్ రికార్డులోకి, అక్కడ్నుంచి కాలేజీ గేటు ముందు జెరాక్సు షాపులోకి, అక్కడ్నుంచి వాట్సాప్ గ్రూపులోకి పాకుతూ వస్తోంది. కంపెనీలు మూతపడ్డాయి, కోర్సులు మారాయి, యూనివర్సిటీ రెగ్యులేషన్లు ఆర్ 18 అని, ఆర్ 22 అని పేర్లు మార్చుకున్నాయి. రెస్పెక్టబుల్ పొజిషన్ మాత్రం చెక్కు చెదరలేదు.

దీని పుట్టుక నిజానికి మన బడిలోనే ఉంది. లీవ్ లెటర్ గుర్తుందా? "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". తెలుగుదేశంలో పుట్టిన ఏ పిల్లాడికైనా ఇంగ్లిష్‌లో వచ్చే జబ్బు జ్వరమొక్కటే. కాలు విరిగినా ఫీవరే, మేనత్త పెళ్లయినా ఫీవరే. ఏం జరిగిందో రాయమని ఎవరూ అడగలేదు, వచ్చిన వాక్యం రాయమన్నారు. పదేళ్లు పోయాక ఆ పిల్లాడే ఇంజినీరింగ్‌లో కూచుని, వచ్చిన వాక్యంలో పట్టే జీవితాన్నే కోరుకుంటున్నాడు. లాంగ్ టర్మ్ గోల్ అంటే ఒళ్లు పెరిగిన లీవ్ లెటరే.

కాలేజీవాళ్లు చేతులు కట్టుకు కూచున్నారనుకోకండి. ప్లేస్‌మెంట్ సెల్ వారు మూడు రోజులకి సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్ని పిలిపిస్తారు. నడి వేసవిలో కోటు వేసుకునే ధైర్యం ఆయనకొక్కడికే ఉంటుంది. లేచి నిలబడమంటాడు, చప్పట్లు కొట్టమంటాడు, పక్కవాడి కళ్లలోకి చూసి "యు ఆర్ ఎ విన్నర్" అనమంటాడు. పక్కవాడికి ఆరు బ్యాక్‌లాగులున్నాయని అందరికీ తెలుసు. తర్వాత తెర మీద 'స్మార్ట్ గోల్స్' అని పడుతుంది.

ఈ స్మార్ట్ అనే ఐదక్షరాల మంత్రాన్ని 1981లో జార్జ్ డొరాన్ అనే ఆయన ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాశాడు. రాసింది పిల్లలకి కాదు, మేనేజర్లకి. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవగలిగేదై ఉండాలి, సాధ్యమై ఉండాలి, గడువుండాలి అన్నాడు. ఇక నడిమి అక్షరం 'ఎ'. ఇప్పటి ట్రైనర్లు దాన్ని 'అచీవబుల్' అంటారు. డొరాన్ రాసింది 'అసైనబుల్', అంటే ఫలానావాడు చెయ్యాలని అప్పగించగలిగేది. ఎందుకు మార్చారో గానీ పాత మాటే మనకి అతికినట్టు సరిపోయేది. ఈ అరవై మంది గోలూ అప్పగించిందే కదా! నాన్న అప్పగించాడు, ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ బిగించింది, కౌన్సెలింగ్‌లో ర్యాంకు ఖాయం చేసింది. "వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్?" అంటే సగం మంది "ఐ కాంట్ సే నో" అన్నారు. అదీ బట్టీపట్టిందే. అయినా ఆ రోజు నేను విన్న ఇంగ్లిష్‌లో నూటికి నూరుపాళ్లు నిజం ఆ ఒక్క వాక్యమే.

మన చదువులకి గురజాడ ఎప్పుడో కొలతలు తీసిపెట్టాడు. 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో. అందులో వెంకటేశం వాళ్లమ్మకి కొడుకు ఇంగ్లిష్ వినాలని ముచ్చట. గిరీశం, వెంకటేశం ఏం చేస్తారు? పిల్లల పాటలో ముక్కొకటి, వాచకంలో ముక్కొకటి ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. నూట ముప్ఫై ఏళ్లు దాటాక అదే సీను ఇంటర్వ్యూ గదిలో ఆడుతోంది, కాకపోతే ఏసీ పెట్టించాం. హెచ్చార్ మేడమ్ ఒక వాచకం ముక్క అడుగుతుంది, మనవాడు ఇంకో వాచకం ముక్క అప్పజెపుతాడు. తల్లి ఊళ్లో ఉండి ఫోన్లో మురుస్తుంది.

ఇంగ్లిష్ మోజుని తిట్టదల్చుకున్నవాళ్లు ముందుగా మెకాలేని తిడతారు. నాకు ఆయన మీద జాలి. 1835 ఫిబ్రవరి 2న ఆయన రాసిన మినిట్‌లో అడిగిందేమిటి? పాలించే తమకీ, ఏలుబడిలో ఉన్న కోట్లమందికీ మధ్య దుబాసీల తరగతి ఒకటి తయారుకావాలన్నాడు. దుబాసీ అంటే రెండు భాషలూ వచ్చినవాడు. మనం అంత ఖర్చు పెట్టుకోలేదు. రెండూ రానివాణ్ణి తయారుచేసి సర్టిఫికెట్టిచ్చి పంపుతున్నాం.

అంతకి పదిహేనేళ్ల ముందే, 1820లో, కడపలో ఒక కుర్ర తెల్లదొర ఉద్యోగానికి దిగాడు. పేరు బ్రౌన్. ఆయనకి హెడ్‌ఫోన్లు లేవు, 'జస్ట్ ఎ మినిట్' అంటూ నిమిషంపాటు మాట్లాడించే జామ్ సెషన్లూ లేవు. పండితులని తన డబ్బు పోసి పెట్టుకున్నాడు, వేమన పద్యాలు పోగేశాడు, తెలుగుకి నిఘంటువు కట్టాడు. తెలుగుతో ఆయనకి పనిబడింది. పనిబడ్డాక భాష రాక ఎక్కడికి పోతుంది? మన కుర్రాడికి ఇంగ్లిష్‌తో పడే పని ఒక్కటే: ఇంగ్లిష్ వచ్చని చెప్పుకోవడం.

పోనీ నేర్పే విద్య మన దగ్గర లేదా అంటే, ఉంది. ఇంగ్లిష్ ఎలా బోధించాలో తేల్చడానికి 1958లో హైదరాబాద్‌లోనే ఒక కేంద్ర సంస్థ పెట్టారు. ఇవాళ దాని పేరు ఇఫ్లూ, ఏకంగా సెంట్రల్ యూనివర్సిటీ. అక్కణ్నుంచి అమీర్‌పేటకి గట్టిగా పదిహేను కిలోమీటర్లుండదు. అరవై ఏళ్లు దాటినా ఆ తేల్చిన సంగతేదో ఈ కాస్త దూరం నడిచి రాలేదు. అమీర్‌పేటలో మాత్రం నెల తిరిగేసరికి ధారాళంగా మాట్లాడించేస్తామని గోడగోడకీ అభయహస్తాలే. జావా, పైథాన్ పక్కన ఇంగ్లిష్ కూడా ఒక కోర్సు, సాయంత్రం బ్యాచీకి డిస్కౌంటు.

కాలేజీ సిలబస్ ఇంకా ఘనం. ఫస్టియర్లోనే ఇంగ్లిష్‌లోని 44 ధ్వనులూ నేర్పేస్తాం. ఏ అక్షరం మీద ఊనాలి, ఎక్కడ గొంతు లేపాలి, ఎక్కడ దించాలి, అన్నీ. లండన్ టీవీలో వార్తలు చదవడానికి సర్వం సిద్ధం. హాస్టల్లో నీళ్లు రావడం లేదని వార్డెన్‌కి నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం, ఆ కాయితం మీద "యాజ్ ఐ యామ్ సఫరింగ్" తప్ప ఇంకేదీ దిగదు.

విదేశాలకి ఎగిరేవాళ్ల గోల్ మరీ చవకగా దొరుకుతుంది. దాని పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అనగా నా ఉద్దేశం ఏమిటో నేను చెప్పుకోవడం. కన్సల్టెన్సీ వాళ్లకి ఫీజు కడితే నా ఉద్దేశం వాళ్లే చెబుతారు. "ఫ్రమ్ మై చైల్డ్‌హుడ్ ఐ వాజ్ ఫాసినేటెడ్ బై కంప్యూటర్స్" అని మొదలవుతుంది. ఆ బాల్యంలో కుర్రాడు చూసింది చెరువు, క్రికెట్ బ్యాటు, కేబుల్ టీవీ. అయినా ఈ వ్యవహారం మొత్తంలో డొరాన్ మెచ్చుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, చిలుకూరు బాలాజీ. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. స్పష్టంగా ఉంది, కొలవొచ్చు, గడువుకి వీసా ఇంటర్వ్యూ తేదీ ఉంది. పైగా స్వామి ఏ భాషలో కోరుకున్నా వింటాడు. ఐఈఎల్టీఎస్ బ్యాండ్ అడగడు.

తల్లిదండ్రులకి లక్ష్యానికీ లక్షలకీ ఒత్తు ఒకటే తేడా. "ఎంత ప్యాకేజీ?" అంటారు గానీ ఏం పని అని అడగరు. యూనివర్సిటీకి లక్ష్యమంటే రికార్డులో ఒక పేజీ. ఎగ్జామినర్‌కి, అంటే నాకు, టీఏ బిల్లు. ఎవరి గోల్ వారిది. పిల్లలది మాత్రం ఒకటే గోల.

సాయంత్రం నాలుగున్నరకి నలభై ఎనిమిదో నంబరు అమ్మాయి వచ్చి కూచుంది. ట్రిపుల్ ఈ బ్రాంచి. అప్పటికి నా చెవుల్లో రెస్పెక్టబుల్ పొజిషన్ ఝుంకారం చేస్తోంది. విసుగో, నిద్రమత్తో, ప్రశ్న నా నోట తెలుగులో వచ్చేసింది.

"ఐదేళ్ల తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?"

ఆ అమ్మాయి పక్కనున్న ఇంటర్నల్ మేడమ్ వంక చూసింది, నా వంక చూసింది.

"నిజంగున్నది చెప్పాల్నా సార్, రికార్డుల ఉన్నది చెప్పాల్నా?"

"ఉన్నదే చెప్పు."

"మా నాయినకు మూడెకరాలుంది సార్. బోరు మోటరు ఏడాదికొకసారి కాలిపోతది. మా దగ్గర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. దానికి ఐదు మోటర్లు పెట్టాలె, తొమ్మిది పెట్టిండ్రు. కరెంటు రాంగనే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కపారే ఎత్తుకుంటయ్. వోల్టేజి పడిపోతది, మోటరు ఎక్కువ కరెంటు గుంజుతది, వైండింగ్ మాడుతది. ఒకదాని ఎనుక ఒకటి స్టార్టయ్యేటట్టు టైమరు, రిలే పెట్టి చిన్న బోర్డు చెయ్యాలని ఉంది సార్. ఐదు వేలల్ల అయితే మా ఊరోళ్లు కొంటరు. వచ్చే యాసంగి వరకు ఒకటి మా బోరుకు పెట్టి చూడాలె."

నేను పెన్ను కింద పెట్టాను. ఎవరు చేస్తారో ఉంది, ఎంతలో అవుతుందో ఉంది, ఎప్పటికో ఉంది. డొరాన్ చెప్పిన ఐదక్షరాలూ ఆ పిల్ల ఒళ్లో ఉన్నాయి, కోటు ట్రైనర్ మాత్రం కాదు ఇచ్చింది. లెక్కపెడితే ఆమె తెలుగులో ఇరవై దాకా ఇంగ్లిష్ మాటలున్నాయి. ఒక్కటీ తప్పు వాడలేదు, ఒక్కదాని కోసమూ సీలింగు వంక చూడలేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"స్టార్టర్ డబ్బాల కాయితం ఉంటది కద సార్, అది చదివిన. ఇంగ్లిష్‌ల్నే ఉంటది. సమజ్ కాకపోతే మళ్ల చదివిన."

మార్కుల షీటు చూశాను. ఐదు గళ్లు: ప్రొనన్సియేషన్, ఫ్లూయెన్సీ, గ్రామర్, ఐ కాంటాక్ట్, బాడీ లాంగ్వేజ్. మోటారుకి గడి లేదు. ఇంటర్నల్ మేడమ్ ముందుకి వంగి, "సార్, తెలుగులో చెప్పింది కదా, ఫ్లూయెన్సీలో ఏం వేస్తారు?" అంది మెల్లగా. ఆవిడ తప్పేం లేదు, గడి ఖాళీగా వదిలితే యూనివర్సిటీ ఒప్పుకోదు.

నా తంటా ఆ అమ్మాయికే ముందర అర్థమైంది. కుర్చీలో నిటారుగా సర్దుకుంది. చున్నీ సవరించుకుంది.

"పర్లేదు సార్, రికార్డులది కూడ చెప్త" అని, చూపు సీలింగు ఫ్యాను మీద నిలిపి, ఊపిరి బిగబట్టింది.

"మై షార్ట్ టర్మ్ గోల్ ఈజ్ టు గెట్ ఎ జాబ్ ఇన్ ఎ రెప్యూటెడ్ కంపెనీ..."

ఎక్కడా తడబడలేదు. పదికి తొమ్మిది వేశాను, దానికి.