మెట్టబలం మామ

పొద్దున ఐదింటికి కోరుట్ల–వేములవాడ రోడ్డు మీద కథలాపూర్ దాటగానే, వీపు మీ వైపు పెట్టి మీ మీదికే నడిచొస్తున్న మనిషి కనబడితే దయ్యమనుకుని బండి తిప్పుకోకండి. ఆయన మా మామ. వెనక్కి నడిస్తే మెటబాలిజం రెట్టింపవుతుందని ఫోన్లో ఎవరో చెప్పారు. రెండేండ్లు ముందుకు నడిచినా తగ్గని పొట్ట వెనక్కి నడిస్తేనన్నా తగ్గకపోతుందా అని మూడు రోజులుగా ఇదే పని. నిన్న రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరుకు వీపు ఆనితే, ఎవరో మనిషనుకుని "జెర జరుగు తమ్మీ" అన్నాడట.

నాకు సొంత మేనమామ కాడు. ఊరందరికీ మామే. అసలు పేరు రేషను కార్డులో ఉంది. మెటబాలిజం మామ అని హోటల్ దగ్గర పోరగాళ్లు పెట్టారు. ఆయన తల్లి, డెబ్బై నాలుగేండ్ల అవ్వ, ఆ మాటను తన నోటికి పట్టేటట్టు సవరించింది. "నా కొడుక్కు మెట్టబలం తక్కువైందట బిడ్డా, గందుకే గిట్ల ఉబ్బిండు" అని కనబడినవాళ్లకల్లా చెప్పుకొచ్చింది. అప్పటినుంచి మామ పేరు మెట్టబలం మామ.

ఈ రకం మనిషి మా ఊళ్లో ఒక్కడే అనుకునేరు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఊరికి పోయినా ఒకడు దొరుకుతాడు. చేతిలో లీటరున్నర నీళ్ల సీసా, కాళ్లకు తెల్ల బూట్లు, జేబులో మాట్లాడుతూనే ఉండే ఫోను. ఎక్కువమంది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లే. మామ 2003లో మస్కట్ పోయాడు. మా దిక్కు మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా దుబాయి పోయినట్టే లెక్క. పోయేనాడు యాభై ఎనిమిది కిలోలు. పద్నాలుగేండ్లు లారీ స్టీరింగు ముందు కూచుని 2017లో వచ్చేనాటికి సామాను ముప్పై, మనిషి ఎనభై. విమానాశ్రయంలో సామాను ఒక్కటే తూచారు కాబట్టి ఇల్లు చేరాడు.

తప్పు స్టీరింగుదని మామ ఒప్పుకోడు. "నలభై దాటినంక మెటబాలిజం పడిపోతది అల్లుడా. ఇంజను పాతగైతది." నేను ఊరుకోలేక 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన సంగతి చెప్పాను. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల లెక్క తీస్తే, ఒంటి పరిమాణాన్ని బట్టి చూసినప్పుడు ఇరవై నుంచి అరవై ఏండ్ల దాకా ఒంట్లో శక్తి ఖర్చు ఇంచుమించు ఒక్క తీరే ఉందట. తగ్గేది అరవై దాటాకే, అదీ ఏడాదికి 0.7 శాతం చొప్పున. మామకు నలభై ఎనిమిది.

"ఎట్ల తెలిసిందట వాళ్లకు?"

"ప్రత్యేకమైన నీళ్లు తాగించి, తర్వాత మూత్రం పరీక్షించి..."

"సూసినవా! నీళ్లే! నేను మొదటిసంది చెప్తలేనా!" అని సీసా ఎత్తాడు. అరవై సంగతి ఆయన చెవిన పడనే లేదు.

ఇంకోసారి, కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం లాంటివి నడవడానికే రోజు ఖర్చులో 60–70 శాతం పోతుందని చెప్పాను. "అంటే పండుకున్నా పనైతున్నట్టే" అని ఆ మధ్యాహ్నం మూడు గంటలు పని చేశాడు.

మామ వైద్య చరిత్రలో మొదటిది నిమ్మకాయ–తేనె యుగం. చెప్పుకోవడానికి ఏమీ లేదు, తేనె అయిపోయింది. 2018లో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊరూరా మోగిపోతున్నప్పుడు మామ ఇంట్లోకీ కొబ్బరి నూనె డబ్బాలు దిగాయి. ఆ పద్ధతికి నాలుగు స్తంభాలు: రోజుకు డెబ్బై నుంచి వంద గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్లు, మూడు నిమ్మకాయలు, రెండు మల్టీ విటమిన్ మాత్రలు. అందులో అన్నం ఉండకూడదు. మామ నాలుగు స్తంభాలనూ నిష్ఠగా నిలబెట్టి, ఇల్లు గట్టిగుండాలని రాత్రిపూట ఐదోది తనే కలుపుకున్నాడు. రెండు ముద్దల బువ్వ, కొంచెం పచ్చిపులుసు. నెలలో మూడు కిలోలు పెరిగి, "నూనె కల్తీది" అని తేల్చాడు.

తర్వాత సిరిధాన్యాలు. మైసూరు ఖాదర్ వలీ గారికి పద్మశ్రీ వచ్చింది 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసిందీ 2023లోనే. ఇక మామను పట్టేవాళ్లు లేరు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, ఊదలు, సామలు అని బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేవాడు. మన శత్రువు ఎక్కడో లేదు, పక్కనే పొలాసలో పుట్టిందనేవాడు. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన జగిత్యాల సన్నాల మీద ఆయన కోపం. పాపం, ఆ వడ్లు చేసిన తప్పల్లా బువ్వ మెత్తగా, సన్నగా ఉండటమే.

ఒకరోజు కొర్రల సంచి విప్పి అవ్వ ముందు పెట్టాడు. "అవ్వా, నువ్వు చిన్నప్పుడు తిన్నయే. బంగారమసొంటి తిండి." అవ్వ గింజలు చేతిలో పోసుకుని ధర అడిగింది. విని సంచి మూతి కట్టేసింది.

"గటక మింగలేక సచ్చేటోళ్లం కొడుకా. దసరాకో, ఉగాదికో వరి బువ్వ దొరికితే కండ్లకద్దుకునేటోళ్లం. గంత కష్టపడి బువ్వ తెచ్చుకున్నంక, గిన్ని పైసలు వోసి మళ్ల గదే తెస్తివా?"

నేను ఇంతకాలం ముసలోళ్ల ఆరోగ్యమంతా జొన్న గటకలోనే ఉందని నమ్మినవాణ్ణి. అవ్వ రేషను సన్నబియ్యమే తింటుంది, ఇష్టంగా తింటుంది. కాకపోతే కూచుని ఉండగా ఆమెను చూసినవాళ్లు తక్కువ. పసుపు చేలో కలుపు, బర్రెకు గడ్డి, వాకిలి, ఆ తర్వాత ఊరంతా ఒక చుట్టు.

మాంసకృత్తుల సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది. తిన్నది అరగడానికీ ఒంట్లో కూలి పోతుంది. వంద కేలరీల నూనెకు మూడుకు మించదు. అన్నం లాంటివాటికి ఐదు నుంచి పది. మాంసకృత్తులకు ఇరవై నుంచి ముప్పై. ఉలువలు, పెసర్లు, బబ్బెర్లు తినమని నా ఉద్దేశం. మామ ఆ ఆదివారం కిలోన్నర కోడి తెచ్చాడు. "ముప్పై శాతం వాపసు వస్తదన్నవ్ గదా!" కండ పెంచితే లాభమన్నాను. ఊరికే కూచున్నప్పుడు కిలో కండ రోజుకు ఖర్చు పెట్టేది పదమూడు కేలరీలని కూడా చెప్పేసరికి, అది ఒక్క మారీ బిస్కెట్టుకు కూడా సరిపోదని లెక్కేసి ఆ ప్రయత్నం మానుకున్నాడు. లెక్కల్లో గట్టివాడు.

మామ బరువుకు ఊళ్లో నమ్మదగిన రికార్డు ఒక్కటే, మేడారం. కొడుకు పుట్టినప్పటి మొక్కు. ప్రతి జాతరకు సమ్మక్క–సారలమ్మలకు ఎత్తు బంగారం ఇవ్వాలి. బంగారమంటే బెల్లమే, మనిషి ఎంత తూగితే అంత. 2022 జాతరకు ఎనభై నాలుగు కిలోలు. 2024 జాతరకు ఎనభై ఏడు. అత్త తక్కెడ దగ్గర నిలబడి, "మా ఆయినకు మెట్టబలం వచ్చే లోపల మా ఇల్లు గుల్లయితది తల్లీ" అని దండం పెట్టింది. ప్రసాదంగా తెచ్చిన బంగారం మామే తిన్నాడు. ప్రసాదానికి కేలరీలు ఉండవట.

ఇక గడియారం. అడుగులు లెక్కపెట్టేది, కొడుకు మస్కట్ నుంచి పంపాడు. తరం మారినా దుబాయి మారలేదు. రోజుకు పదివేల అడుగులు పడాలని మామ పట్టుదల. ఆ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్లో అడుగుల మీటరు అమ్మినవాళ్లు దానికి పెట్టుకున్న పేరు అని చెప్పాను. ఆయన వినలేదు. రెండు వేలు దాటితే మోకాలు పట్టేది. వాట్సాప్ గ్రూపులో పరువు పోతోంది.

ఒకరోజు స్నానానికి పోతూ గడియారం తీసి అత్తకిచ్చాడు. అత్త చేతిలో తునికాకు, ఒళ్లో చాట. ఎక్కడ పెట్టాలో తోచక మణికట్టుకు తగిలించుకుని బీడీలు చుట్టుకుంటూ కూచుంది. చెయ్యి ఆడినప్పుడల్లా గడియారం అడుగనుకుంది. స్నానం చేసి, తిని, పడుకుని లేచి చూస్తే ఆరువేలు. మామ ముఖం వెలిగిపోయింది. మర్నాటి నుంచి గడియారం అత్తకే. వెయ్యి బీడీలు అయ్యేసరికి పదివేలు దాటుతాయి. మామ ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. కోరుట్ల నుంచి కూడా చప్పట్లు వస్తాయి.

నెల తర్వాత అత్త అడిగింది: "నేను పొద్దంత కూసున్న కాడికెల్లి లేస్తలేను, నడుము ఇరుగుతున్నది. బీడీలకైతె వెయ్యికి గింతని కంపెనోళ్లు కట్టిస్తరు. నీ అడుగులకు వెయ్యికి ఎంత కట్టిస్తవ్?"

మామ జవాబు ఇంకా చెప్పలేదు. ఆలోచించుకోవడానికే పొద్దున రోడ్డెక్కి వెనక్కి నడుస్తున్నాడు. వేములవాడ దిక్కు పోయేవాళ్లు కథలాపూర్ దగ్గర కాస్త హారన్ కొట్టి పోండి.